నెల్లూరు ఉక్కలో లక్షన్నర వోల్టులు: బడి ల్యాబులో వాన్ డి గ్రాఫ్ యంత్రం కట్టుకునే పద్ధతి

తిరిగే రబ్బరు బెల్టుతో విద్యుదావేశాన్ని పైనున్న బోలు లోహపు గోళం మీదికి ఎక్కించి లక్షల వోల్టులు తెచ్చేదే వాన్ డి గ్రాఫ్ యంత్రం. అందులో విద్యుదావేశం పుట్టించడం తేలిక. రబ్బరు బెల్టు రోలరు మీద తిరిగితే చాలు, అదే పుడుతుంది. పుట్టింది కారిపోకుండా గోళం మీద నిలబెట్టడమే పని. కావలి, ఒంగోలు, నెల్లూరు లాంటి చోట్ల కట్టిన యంత్రం పలకలేదంటే చాలావరకు లోపం ఇక్కడే ఉంటుంది.

లెక్క చూడండి. ఇక్కడ చెప్పే కొలతలతో కట్టిన యంత్రంలో బెల్టు పైకి మోసే కరెంటు సుమారు 3 మైక్రోఆంపియర్లు. గోళం మీద లక్షన్నర వోల్టులు నిలవాలంటే దాన్ని మోసే పైపు కనీసం 5000 కోట్ల ఓముల నిరోధం ఇవ్వాలి. పైపు మీద చెమ్మ పొర ఏర్పడి ఆ నిరోధం 1000 కోట్ల ఓములకు పడిందనుకోండి, మామూలు మల్టీమీటరుకు రెండూ ఒకటే, రెండింటికీ అనంతమనే చూపిస్తుంది. యంత్రం మాత్రం 30 వేల వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. గాలిలో తేమకు ఉప్పు కూడా తోడయ్యే కోస్తాలో ఈ తేడా ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది. అందుకే ప్రతి భాగం దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది ఆవేశాన్ని పైకి ఎక్కిస్తోందా, ఎక్కింది ఎటైనా జారిపోతోందా?

అసలు యంత్రం

రాబర్ట్ వాన్ డి గ్రాఫ్ అమెరికాలోని అలబామా వాడు. మెకానికల్ ఇంజనీరింగు చదివి కొన్నాళ్లు విద్యుత్ కంపెనీలో పనిచేశాడు. తర్వాత పారిస్‌లో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజిక్స్ డాక్టరేటు తీసుకున్నాడు. పరమాణు కేంద్రకాన్ని కొట్టి చూడాలంటే కణాలకు లక్షల వోల్టులతో వచ్చే వేగం కావాలని భౌతిక శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ 1927లోనే అన్నాడు. ఆ వోల్టేజీ ఎలా తేవాలన్నదే అప్పటి సమస్య. 1929లో ప్రిన్స్‌టన్‌లో వాన్ డి గ్రాఫ్ కట్టిన మొదటి నమూనాలో ఉన్నవి రేకు డబ్బా, పట్టు రిబ్బను, చిన్న మోటారు. దానికే 80 వేల వోల్టులు వచ్చాయి. 1931లో 24 అంగుళాల గోళాలు రెండు గాజు కడ్డీల మీద నిలబెట్టి, ఒకదానికి ధన, ఇంకోదానికి ఋణ ఆవేశం ఎక్కించి, రెంటి మధ్య 15 లక్షల వోల్టులు చూపించాడు. 1933లో మసాచుసెట్స్ రాష్ట్రం రౌండ్ హిల్‌లో, సముద్రపుటొడ్డున, ఎయిర్‌షిప్ దాచే షెడ్డులో 15 అడుగుల గోళాలతో 70 లక్షల వోల్టుల దాకా వెళ్లాడు. ఆ యంత్రం ఇప్పుడు బోస్టన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

అందులోని ఉపాయం గోళం లోపలే ఉంది. బోలు లోహం లోపలికి తెచ్చి వదిలిన ఆవేశం, లోపల నిలవకుండా బయటి ఉపరితలానికి పోతుంది. బయట ఎన్ని లక్షల వోల్టులున్నా లోపల క్షేత్రం దాదాపు సున్నా. కాబట్టి బెల్టు ఎంత తెచ్చినా లోపల దించుకోవడానికి అడ్డేమీ ఉండదు. ఎక్కడ ఆగాలో బయటి గాలి తేలుస్తుంది: పొడిగాలి సెంటీమీటరుకు 30 వేల వోల్టుల దగ్గర తెగిపోతుంది. గోళం వ్యాసార్థాన్ని సెంటీమీటర్లలో తీసుకుని 30 వేలతో గుణిస్తే పై హద్దు వస్తుంది. 25 సెం.మీ. వ్యాసం గోళానికి అది 3,75,000. అంచులు, రంధ్రం, దుమ్ము వల్ల చేతికి అందేది అందులో సగం. ముంబై ట్రాంబేలో 1960ల్లో నడిచిన 55 లక్షల వోల్టుల వాన్ డి గ్రాఫ్ లాంటి పెద్ద యంత్రాలను పీడనంతో వాయువు నింపిన ట్యాంకులో పెట్టేది ఈ హద్దు దాటడానికే.

సమకూర్చుకోవాల్సినవి

90 మి.మీ. పీవీసీ పైపు 52 సెం.మీ. ముక్క. పీవీసీ లేదా టెఫ్లాన్ కడ్డీ ఒకటి, నైలాన్ కడ్డీ ఒకటి, రెండూ 30 మి.మీ. వ్యాసం, 70 మి.మీ. పొడవు. 8 మి.మీ. ఉక్కు ఇరుసు రెండు ముక్కలు, 608 నంబరు బేరింగులు నాలుగు. ఫిజియోథెరపీలో వాడే లేటెక్స్ రబ్బరు పట్టీ, మందం 0.3 నుంచి 0.5 మి.మీ. ఒకే సైజు స్టీలు బేసిన్లు రెండు, 25 సెం.మీ. వ్యాసం, అడుగు గుండ్రంగా ఉన్నవి. పెడల్‌తో సహా కుట్టుమిషన్ మోటారు, దాని చిన్న రబ్బరు బెల్టు, కప్పీలు. 18 మి.మీ. ప్లైవుడ్ 30×40 సెం.మీ., ఎల్ యాంగిల్ ముక్కలు, అల్యూమినియం టేపు, పోగులున్న రాగి వైరు, సైకిలు పంక్చరు సొల్యూషన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఇవన్నీ నెల్లూరులోనో ఒంగోలులోనో ఒక పూటలో దొరుకుతాయి. టెఫ్లాన్ కడ్డీ ఒక్కటే ముందుగా తెప్పించుకోవాల్సి రావచ్చు. అది దొరక్కపోతే పీవీసీ చాలు.

రోలర్లు

కింది రోలరు పీవీసీ లేదా టెఫ్లాన్, పై రోలరు నైలాన్. ఈ తేడా ఎందుకంటే: రబ్బరు రాసుకున్నప్పుడు టెఫ్లాన్, పీవీసీ ఋణావేశం పట్టుకుంటాయి, నైలాన్ ధనావేశం పట్టుకుంటుంది. కింద రోలరు ఋణం కావడంతో ఎదురుగా ఉన్న లోహపు దువ్వెన (బెల్టు వైపు మొనలు తిప్పి వరుసగా పెట్టిన రాగి పోగులు) మొనల నుంచి ధనావేశం బెల్టు మీదికి చిమ్ముతుంది, బెల్టుతో పైకి పోతుంది. పైన నైలాన్ ధనం కాబట్టి అక్కడి దువ్వెన దిగే బెల్టు మీదికి ఋణావేశాన్ని చిమ్ముతుంది. అంటే బెల్టు ఎక్కేటప్పుడూ, దిగేటప్పుడూ గోళానికి లాభమే. రెండు రోలర్లూ ఒకే ముక్కలోంచి తీస్తే పని తేలికని టర్నరు అంటాడు. ఒప్పుకోవద్దు. పైనా కిందా ఒకే పదార్థమైతే ఒకటి ఎక్కించింది రెండోది దించేస్తుంది, మోటారు ఎంత తిప్పినా గోళం మీద ఏమీ మిగలదు.

లేత్ మీద తీయించాల్సిన కొలత: పొడవు 65 మి.మీ., రెండు చివర్లా 25 మి.మీ. వ్యాసం, సరిగ్గా మధ్యలో 26. ఆ ఒక్క మిల్లీమీటరు ఉబ్బే బెల్టును మధ్యలో పట్టి ఉంచుతుంది. తిరిగే బెల్టు రోలరులో ఎత్తుగా ఉన్న చోటికి ఎక్కుతుంది. సమతలంగా తీసిన రోలరు మీద నిమిషంలోపే పక్కకు జారి పైపుకు రాసుకుంటుంది, అంచు చిరుగుతుంది. మధ్యలో ఇన్సులేషన్ టేపు చుట్టి ఉబ్బు తెప్పించే పద్ధతి ఒకటి వాడుకలో ఉంది. అప్పుడు రబ్బరు రాసుకునేది టేపుకే కాబట్టి రోలరు పదార్థం ఎంచుకున్న ఫలితం పోతుంది. లేత్ పని అయ్యాక 400 నంబరు ఉప్పుకాగితంతో నున్నగా చేసి ఆల్కహాల్‌తో తుడవండి. కోత నూనె కొంచెం మిగిలినా బెల్టుకు అంటుకుంటుంది.

బెల్టు

అన్నిటికంటే ముందు ఒక మాట: సైకిలు ట్యూబు వద్దు. నల్ల రబ్బరుకు ఆ నలుపు కార్బన్ పొడి వల్ల వస్తుంది, కార్బన్ కరెంటును పోనిస్తుంది. మోటారు సైకిలు ట్యూబు, నల్ల గాస్కెట్ షీటు అన్నీ అంతే. ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గరు (చాలా పెద్ద నిరోధాలు కొలిచే మీటరు) ఉంటే 1000 వోల్టులు పెట్టి, బెల్టు ముక్క మీద 10 సెం.మీ. ఎడంలో చూడండి. ముల్లు అనంతం దగ్గర నిలిచి కొంచెం కూడా కదలకపోతే ఆ పట్టీ పనికొస్తుంది.

పట్టు కట్టొచ్చా అని చీరాల, వెంకటగిరి వైపు పిల్లలు అడుగుతారు. వాన్ డి గ్రాఫ్ మొదట కట్టింది పట్టే కాబట్టి ప్రశ్న న్యాయమైనదే. పొడి గాలిలో పట్టు బాగానే మోస్తుంది. మన దగ్గర చెమ్మ పీల్చుకుని మెత్తబడుతుంది, తర్వాత పోగు పోగూ కరెంటు దారే. ఎగ్జిబిషన్‌లో పక్కన చూపించడానికి చిన్న నమూనా కట్టుకోండి, అసలు యంత్రానికి లేటెక్స్ వేయండి.

పొడవు లెక్క ఇది. రోలర్ల కేంద్రాల మధ్య దూరం 45 సెం.మీ. దానికి రెట్టింపు 90, రోలరు చుట్టుకొలత 7.9, మొత్తం 97.9 సెం.మీ. బెల్టు 8 శాతం సాగి ఉండాలి కాబట్టి 97.9ని 1.08తో భాగిస్తే 90.6. అతుకు కోసం 1.4 కలిపి 92 సెం.మీ. కోయండి. వెడల్పు 50 మి.మీ. కత్తెరతో కోస్తే అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. స్టీలు స్కేలు నొక్కిపట్టి కొత్త బ్లేడుతో ఒకే గీతలో లాగండి.

పట్టీ మీద పౌడరు ఉంటుంది. అతికించే ముందే సబ్బునీళ్లతో కడిగి, మంచినీళ్లతో రెండుసార్లు జాడించి, నీడలో ఆరబెట్టాలి. చివర్లు 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తే అతుకు రోలరు మీదికి ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా వస్తుంది, టకటకమని కొట్టుకోదు. అతికే రెండు ముఖాలను ఉప్పుకాగితంతో గరుకు చేయండి. సొల్యూషన్ పల్చగా రాసి, వేలికి అంటకుండా ఆరేదాకా ఆగండి. తడి మీదే అతికించడమే ఇక్కడ తరచుగా జరిగే తప్పు. అలా చేస్తే లోపలి ద్రావకం బయటికి పోలేక బుడగ కడుతుంది, తిరిగేటప్పుడు అతుకు అక్కడే ఊడుతుంది. ఆరిన ముఖాలను ఒకదానిమీద ఒకటి పెట్టి గట్టిగా నొక్కి, ఒక రాత్రి బరువు కింద ఉంచండి. ఒకేసారి రెండు బెల్టులు చేసుకోవడం మంచిది.

పైపు

పీవీసీ పైపు మీద కంపెనీ పేరు, సైజు అచ్చు వేసి ఉంటాయి. ఆ సిరా గీత నిలువుగా ఉంటే గోళం నుంచి కిందికి దారి వేసినట్టే. థిన్నరుతో పూర్తిగా తుడిచేయండి. రంగు వేయొద్దు, స్టిక్కర్లు అంటించొద్దు, బడి పేరు ప్లైవుడ్ మీద రాసుకోండి.

పైపు అడుగు నుంచి 5 సెం.మీ. ఎత్తులో కింది ఇరుసుకు రంధ్రాలు, 50 సెం.మీ. ఎత్తులో పై ఇరుసుకు గాడి. గాడి పై నుంచి తెరిచి ఉంటే ఇరుసును బెల్టుతో సహా దించి కూర్చోబెట్టవచ్చు. ఎదురెదురు గాడుల లోతు అర మిల్లీమీటరు కూడా తేడా ఉండకూడదు. రెండు ఇరుసులూ సమాంతరంగా లేకపోతే రోలరు ఉబ్బు కూడా బెల్టును ఆపలేదు. కిందివైపు దువ్వెన పెట్టడానికి, చెయ్యి పట్టడానికి 6×8 సెం.మీ. కిటికీ ఒకటి కోయండి. పైపు అడుగున ఎల్ యాంగిళ్లు, స్క్రూలు ఎన్ని ఉన్నా నష్టం లేదు, అది ఎర్త్ దగ్గరి భాగమే. కిటికీ దగ్గర నుంచి గోళం అడుగు దాకా మధ్యలో ఉన్న 30 సెం.మీ. మేర మాత్రం ఒక్క మేకు కూడా ఉండకూడదు.

గూడూరు అభ్రకం మంచి ఇన్సులేటరు కదా, పైపుకు చుట్టూ అంటిస్తే ఎలా ఉంటుందని ఒక ఆలోచన వస్తుంది. అభ్రకం బలం దాని మందంలోంచి కరెంటు దూరకుండా ఆపడంలో ఉంది. మన బాధ ఉపరితలం మీదుగా జారే కరెంటుతో. రేకులు అతికించిన జిగురు, వాటి మధ్య సందులు చెమ్మను ఇంకా ఎక్కువ పట్టుకుంటాయి. నున్నటి ఒంటరి పైపే మేలు.

గోళం

స్టీలు సామాన్ల అంగడికి పోగానే కన్ను బిందె మీద పడుతుంది. బోర్లిస్తే మూతి కిందికి వస్తుంది, పైపు లోపలికి పోతుంది, అన్నీ కుదిరినట్టే ఉంటుంది. భుజం దగ్గర చుట్టూ ఒక గీత లాంటి మడత ఉందేమో వేలితో రాసి చూడండి. గీత గట్టిగా తగిలితే ఆవేశం అక్కడి నుంచి గాలిలోకి కారుతుంది. క్షేత్రం వంపు వ్యాసార్థాన్ని బట్టి ఉంటుంది. 12 సెం.మీ. వ్యాసార్థం ఉన్న చోట ఓర్చుకునే గాలి, 2 మి.మీ. వ్యాసార్థం మడత దగ్గర ఓర్చుకోదు. అందుకే రెండు బేసిన్లు.

బేసిన్లకు అంచు చుట్టూ మడత ఉంటుంది. మూతి మూతి కలిపి పెట్టినప్పుడు ఆ అంచు గోళం నడుము మీద ఉంగరంలా బయటికి పొడుచుకు వస్తుంది. మంచి అంగట్లో అంచు లోపలికి చుట్టిన బేసిన్ దొరకవచ్చు. దొరక్కపోతే 12 మి.మీ. ప్లాస్టిక్ గొట్టాన్ని పొడవునా చీల్చి ఆ అంచు మీద తొడగండి. దాని మీదుగా పై బేసిన్ నుంచి కింది బేసిన్ దాకా అల్యూమినియం టేపు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా అంటించి, చెంచా వీపుతో రుద్దండి. ముడతలు పోవాలి. టేపు చివర లేచి ఉంటే అదే కొత్త మొన అవుతుంది.

కింది బేసిన్ అడుగున 92 మి.మీ. రంధ్రం కావాలి. గిన్నెలకు అడుగులు మార్చేవాళ్ల చేత చేయించడం మేలు. చిన్నగా కోసి, అంచును సుత్తితో లోపలివైపుకు మడిచి ఇవ్వమనండి. గ్రైండరుతో కోసి వదిలేసిన అంచు కత్తిలా ఉంటుంది, పైగా పైపుకు ఆనుకునే ఉంటుంది. యంత్రంలో అంతకంటే చెడ్డ చోటు ఇంకోటి లేదు. బేసిన్‌ను మోయడానికి పైపు బయటి గోడకు, గోళం లోపలికి వచ్చే ఎత్తులో మూడు చిన్న ఎల్ క్లిప్పులు బిగించి వాటి మీద కూర్చోబెట్టండి. గోళానికి ఎక్కడా బోల్టు తల బయటికి కనబడకూడదు.

అంతా అయ్యాక మెత్తటి గుడ్డతో ఆల్కహాల్ రాసి తుడవండి. గోళం మీద అంటుకున్న ఒక్క దారం పోగు సూదిలా లేచి నిలబడి ఆవేశాన్ని చిమ్మేస్తుంది.

దువ్వెనలు, ఎర్త్

పోగుల రాగి వైరును 5 సెం.మీ. మేర ఒలిచి, పోగులు విడదీసి, ఒకే వరుసలో కత్తిరిస్తే దువ్వెన తయారైనట్టే. దోమతెర అల్యూమినియం జాలీ ముక్క కూడా పనికొస్తుంది. రోలరు మీద బెల్టు ఆనుకుని ఉన్న చోట, మొనలు బెల్టుకు 2 నుంచి 3 మి.మీ. దూరంలో, బెల్టు వెడల్పంతా పరుచుకుని ఉండాలి. తగిలితే బెల్టు గీరుకుపోతుంది, 6 మి.మీ. దాటితే చిమ్మడం మందగిస్తుంది. పై దువ్వెన వైరును ఎల్ క్లిప్పు కిందికి బిగించండి, బేసిన్ దాని మీదే కూర్చుంటుంది కాబట్టి వేరే కనెక్షన్ అక్కర్లేదు.

కింది దువ్వెన ఎర్త్‌కు పోతుంది. ఇక్కడ రెండు ఎర్త్‌లను కలిపి ఆలోచించకండి. దువ్వెనకు కావలసింది మైక్రోఆంపియర్లే, తడి నేలలో దిగేసిన అడుగు ఇనుప కడ్డీ అయినా, ఆవరణలోని బోరింగు ఇనుప గొట్టమైనా సరిపోతుంది. మోటారు బాడీకి, కింది ఎల్ యాంగిళ్లకు మాత్రం మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా అసలైన ఎర్త్ ఉండాలి. బళ్లలో మూడో రంధ్రం చాలాచోట్ల ఖాళీగా ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్ చేత చూపించాకే ప్లగ్గు పెట్టండి.

మోటారు కప్పీ కన్నా రోలరు ఇరుసు కప్పీ రెట్టింపు ఉండాలి. పెడల్ నొక్కి రోలరును నిమిషానికి 3000 చుట్లకు తెస్తే బెల్టు సెకనుకు 4 మీటర్లు పోతుంది. మోటార్లు చుట్టే అంగట్లో టాకోమీటరు ఉంటుంది, ఒకసారి చూపించి పెడల్ మీద గుర్తు పెట్టుకోవచ్చు. కుట్టుమిషన్ నూనె మోటారు బుష్‌లో ఒక చుక్క చాలు, ఎక్కువైతే చిమ్మి బెల్టు మీద పడుతుంది.

మొదటి పరీక్ష స్పార్కుతో కాదు, మీటరుతో

గోళం కూర్చోబెట్టాక నేరుగా స్పార్కు కోసం చూడొద్దు. మల్టీమీటరును డీసీ 200 మైక్రోఆంపియర్ల రేంజిలో పెట్టి, ఒక తీగ గోళానికి, ఒకటి ఎర్త్‌కు కలపండి. తర్వాతే మోటారు వేయండి. వరుస తప్పి, నడిచే యంత్రానికి మీటరు తగిలిస్తే స్పార్కు మీటరులోంచి పోయి అది కాలిపోతుంది.

2 నుంచి 3 మైక్రోఆంపియర్లు వస్తే బెల్టు, రోలర్లు, దువ్వెనలు బాగున్నట్టు. ఇక మోటారు ఆపి, మీటరు తీసేసి మళ్లీ నడపండి. స్పార్కు రాకపోతే లోపం పైపులోనో గోళం అంచుల్లోనో ఉందని తేలిపోయింది, బెల్టు జోలికి వెళ్లనక్కర్లేదు. మీటరు 0.2, 0.3 దగ్గరే ఊగిసలాడితే గోళాన్ని వదిలి కింది భాగం చూడండి: బెల్టు తడి, నూనె, దువ్వెన దూరం, రోలరు పదార్థం, ఎర్త్ వైరు, ఆ వరుసలో. సున్నా వస్తే చాలాసార్లు రెండు రోలర్లూ ఒకే జాతివో, బెల్టు నల్లదో అయి ఉంటుంది. ఈ ఒక్క పరీక్ష చేయకపోవడం వల్లే బాగున్న బెల్టులు మార్చి, బాగున్న రోలర్లు మళ్లీ తీయించి డబ్బు తగలేస్తారు.

అంచుల లోపం పట్టుకోవడానికి గది చీకటి చేసి, కళ్లు అలవాటు పడ్డాక యంత్రం నడపండి. కారే చోట సన్నటి ఊదారంగు కుచ్చు కనిపిస్తుంది, చెవి పెడితే బుసకొట్టినట్టు చప్పుడు, ముక్కుకు ఓజోన్ ఘాటు. దువ్వెనల దగ్గర ఆ వెలుగు ఉండాలి. గోళం నడుము మీద ఉంటే టేపు సరిచేయండి. పైపు వెంబడి కిందికి పాకే వెలుగు కనిపిస్తే ఉపరితలం మురికిగా ఉంది, తుడిచి ఆరబెట్టండి.

వోల్టేజీ అంచనాకు 6 నుంచి 8 సెం.మీ. లోహపు బంతిని ప్లాస్టిక్ పిడికి బిగించి, ఎర్త్ వైరు కలిపి గోళం దగ్గరికి తేవాలి. 5 సెం.మీ. దూరం నుంచి దూకితే లక్ష వోల్టుల పైమాటే. అంతకన్నా ఖచ్చితమైన సంఖ్య చెప్పడానికి ఈ పద్ధతి చాలదు, చార్టు మీద నాలుగు అంకెల దశాంశాలు రాయకండి.

ఎప్పుడు నడపాలి

చిన్న డిజిటల్ హైగ్రోమీటరు ఒకటి పక్కన పెట్టుకోండి. సాపేక్ష ఆర్ద్రత 50 శాతం లోపు ఉంటే ఏ ఏర్పాటూ లేకుండా నడుస్తుంది. 60 దాటాక ఆరబెట్టి నడపాలి. 75 దాటితే వేడి ఆపకుండా తగులుతూ ఉండాలి.

వేసవిలో పడమటి గాలి వీచే మధ్యాహ్నాలు దీనికి బంగారం లాంటివి. సాయంత్రం సముద్రపు గాలి తిరగ్గానే నెల్లూరులో, ఒంగోలులో స్పార్కు పొడవు కళ్ల ముందే తగ్గిపోతుంది. అదే యంత్రం మార్కాపురం, గిద్దలూరు, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లలో సాయంత్రం కూడా బాగా పలుకుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో కోస్తా బళ్లలో ప్రదర్శన పెట్టుకుంటే ముందే ఏర్పాటు ఉండాలి: పైపు కిటికీ దగ్గర 60 వాట్ల పిలమెంటు బల్బు ప్రదర్శనకు ముందు అరగంట వెలిగించి ఉంచండి, హెయిర్ డ్రయ్యరుతో బెల్టును చేత్తో నెమ్మదిగా తిప్పుతూ రెండువైపులా ఆరబెట్టండి, పైపును పై నుంచి కిందికి వెచ్చ చేయండి. పీవీసీ మెత్తబడేంత దగ్గరగా డ్రయ్యరు పెట్టొద్దు. యంత్రం గది గాలి కన్నా కొంచెం వెచ్చగా ఉంటే చెమ్మ దాని మీద నిలవదు.

ఏసీ గదిలో నడపడం బాగుంటుంది. ఏసీ గదిలోంచి చల్లటి యంత్రాన్ని బయట పందిట్లోకి తెస్తే మాత్రం కళ్లజోడుకు పట్టినట్టే నీటి పొర పట్టేస్తుంది. గంటసేపు బయట ఉంచి, ఆరాకే మోటారు వేయాలి. జనం మూగిన గదిలో ఊపిరి తేమకే ఆర్ద్రత పెరుగుతుంది, కిటికీలు తెరిచి, బల్ల చుట్టూ రెండు మీటర్లు ఖాళీ ఉంచండి.

జాగ్రత్తలు

25 సెం.మీ. గోళం విద్యుత్ ధారణ (కెపాసిటెన్స్) సుమారు 14 పికోఫారడ్లు. లక్షన్నర వోల్టుల దగ్గర దానిలో నిలిచేది దాదాపు 0.16 జౌళ్లు. చురుక్కుమంటుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ప్రమాదం లేదు. దానికి లైడెన్ జాడీనో (ఆవేశం నిల్వచేసే గాజు సీసా), కెపాసిటర్‌నో తగిలిస్తే ఈ లెక్క మారిపోతుంది, తగిలించొద్దు. గుండెకు పేస్‌మేకరు, చెవి యంత్రం ఉన్నవాళ్లను దూరంగా కూర్చోబెట్టండి. ఫోన్లు, లాప్‌టాప్‌లు మూడు మీటర్ల అవతల ఉంచాలి.

ఆల్కహాల్‌తో తుడిచిన వెంటనే మోటారు వేయొద్దు. ఆవిరి మిగిలి ఉంటే స్పార్కు దాన్ని అంటిస్తుంది. తుడిచాక పది నిమిషాలు గాలికి వదిలి, సీసాను గది బయట పెట్టి రండి.

జుట్టు లేపే ప్రదర్శనకు పిల్లను ప్లాస్టిక్ స్టూలు మీద నిలబెట్టి, ముందు చెయ్యి గోళం మీద ఆనించాకే మోటారు వేయాలి. దించేటప్పుడు మోటారు ఆపి, ఎర్త్ బంతిని గోళానికి తాకించి, అప్పుడు చెయ్యి తీయమనాలి. నూనె రాసి గట్టిగా జడ వేసిన జుట్టు లేవదు, తలస్నానం చేసి ఆరిన జుట్టు ఉన్నవాళ్లను పిలవండి.

ఇది యాక్సిలరేటరు కదా, కణాలను నిజంగా పరుగెత్తించి చూపిద్దామని ఇంటరు పిల్లలకు అనిపించడం సహజం. లక్షన్నర వోల్టుల తేడాలో ప్రోటాన్ దిగితే సెకనుకు సుమారు 5,400 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. గాలిలో అయితే అది అణువులను గుద్దుకుంటూ ఎక్కడికక్కడ ఆగిపోతుంది, అందుకే అసలు యంత్రాల్లో గోళం నుంచి నేల దాకా గాలి తీసేసిన గొట్టం ఉంటుంది. ఆ గొట్టం మన దగ్గర వద్దు. పాత టీవీ పిక్చర్ ట్యూబు, రేడియో వాల్వు, గాలి తీసిన బల్బు, ఏదీ గోళానికి తగిలించకూడదు. శూన్యంలో పరుగెత్తిన ఎలక్ట్రాన్లు లోహాన్ని కొడితే ఎక్స్ కిరణాలు వస్తాయి, కంటికి కనబడవు, చర్మానికి తెలియవు. వేగం లెక్క బోర్డు మీద వేసి చూపించడం చాలు.

దాచిపెట్టేటప్పుడు

స్పార్కుల వల్ల పుట్టే ఓజోన్ లేటెక్స్‌ను తినేస్తుంది. సాగదీసి ఉన్న చోట ఇంకా త్వరగా, అడ్డంగా సన్నటి పగుళ్లు వస్తాయి. ప్రదర్శన అయిన రోజే పై ఇరుసు గాడిలోంచి లేపి బెల్టు తీసేయండి. పౌడరు చల్లి, నల్ల కవరులో చుట్టి, బీరువాలో పెట్టండి. మళ్లీ వాడే ముందు ఆ పౌడరు కడిగేయాలి. గోళాన్ని పాత బనియను గుడ్డతో కప్పి ఉంచితే దుమ్ము పడదు, గీతలు పడవు. పైపు మీద తుడవకుండా వదిలిన వేలిముద్రలు వచ్చే ఏడు యంత్రం తీసేసరికి జిడ్డు మరకలుగా పేరుకుని ఉంటాయి, కాబట్టి పెట్టెలో పెట్టే ముందు కూడా ఒకసారి ఆల్కహాల్ గుడ్డతో తుడవండి.